మట్టం చూడాలంటే ముందు వేడి తెలియాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య వడ్లూ సిమెంటూ ఎరువు బస్తాలూ మోసే పికప్ బండ్లు దాదాపు అన్నీ చేత్తో గేరు మార్చేవే. 2005లో వచ్చిన టాటా ఏస్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, బరువు పనికి ఎక్కువమంది నమ్మే బొలేరో పికప్, ఏదైనా సరే, గేర్‌బాక్సులో నూనె ఎంతుందో చూడడం ఇక్కడి మెకానిక్కులకు కళ్లు మూసుకుని చేసే పని. బండిని చదునైన చోట నిలుపుతారు, ఇంజను ఆపి కాసేపు చల్లారనిస్తారు, గేర్‌బాక్సు పక్కనున్న బోల్టు విప్పి వేలు లోపల పెడతారు. కొసకు నూనె తగిలితే సరిపోయినట్టు, లేకపోతే రంధ్రం అంచు నుంచి పొర్లేదాకా పోస్తారు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు, కంపెనీ మాన్యువల్ చెప్పేదీ ఇంచుమించు ఇదే. చిక్కల్లా ఇదే అలవాటు ఆటోమేటిక్ గేర్‌బాక్సు దగ్గరికి వచ్చినప్పుడు. అక్కడ చాలా బండ్లకు ఇంజను ఆపి చూస్తే తప్పు, నూనె వేడి ఎంతో తెలియకుండా చూస్తే తప్పు, పొర్లింది కదా అని బోల్టు బిగించేస్తే మరీ తప్పు.

ఆటోమేటిక్ పికప్పులు ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి గనక, దాని మీద ఇంత చర్చ దేనికి అని అడగవచ్చు. తక్కువే, నిజం. ఇసుజు కంపెనీ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో కర్మాగారం తెరిచి డీమ్యాక్స్ వీ-క్రాస్ తయారు చేయడం మొదలుపెట్టింది. 2019లో అదే బండి 1.9 లీటర్ల డీజిల్ ఇంజనుతో, ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చింది. 2022లో టయోటా హైలక్స్ మన దేశానికి వచ్చింది. అందులో ఒకే 2.8 లీటర్ల ఇంజను మాన్యువల్ గేర్‌బాక్సుతో 420 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం ఇస్తే, ఆటోమేటిక్‌తో 500 ఇస్తుంది. ఆ ధర పెట్టి కొనేది కిరాయికి బండి తిప్పేవాళ్లు కాదు, చేతిలో డబ్బు కాస్త ఆడేవాళ్లు. కొన్నాళ్లు అవి కంపెనీ వర్క్‌షాపుకే వెళతాయి. కానీ వారంటీ అయిపోయి, ఒకటి రెండు చేతులు మారాక ఏ బండైనా చేరేది హైవే పక్కన రేకుల షెడ్డుకే. కార్లలో ఆటోమేటిక్ ఎంత త్వరగా మామూలైపోయిందో చూశాక, పికప్పుల్లో అది రాదని పందెం కాయడానికి నేను సిద్ధంగా లేను. ఇక డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో పాత ట్రక్కు కొనుక్కున్న మనవాళ్లకు ఇది ఈరోజు ప్రశ్నే. ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి: చిన్న కార్లలో ఆటోమేటిక్ అన్న పేరుతో వచ్చే ఏఎంటీ అసలు ఈ కోవలోకి రాదు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చినీ గేరునీ మనిషికి బదులు యంత్రం నొక్కుతుంది, అంతే. దాని సంగతి ఇక్కడ వదిలేద్దాం.

డిప్‌స్టిక్ ఉన్న పాత బండ్ల మాన్యువళ్లు, అది తీసేసిన కొత్త బండ్ల సర్వీసు పుస్తకాలు, మెకానిక్కుల నోటి సలహాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పొసగనట్టే కనిపిస్తాయి. ఒకరు వేడిగా చూడమంటారు, ఒకరు గోరువెచ్చగా చూడమంటారు, ఒకరు ఇంజను నడుస్తుండగా, ఇంకొకరు ఆపిన నిమిషంలోపు, మరొకరు అసలు చూడనే వద్దంటారు. నిజానికి వీళ్లందరూ చెప్పేది ఒకటే: ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె మట్టానికి, దాని వేడి చెప్పకపోతే, అర్థం లేదు. నా వాదన దీన్నుంచి ఒక అడుగు ముందుకు వెళుతుంది. కంపెనీలు డిప్‌స్టిక్ తీసేయడం పెద్ద నేరమేమీ కాదు, దాని బదులు బండి నడిపేవాడికి నూనె వేడి చూపించకపోవడమే అసలు లోపం.

ఇది ఎందుకో తెలియాలంటే ఆ నూనె చేసే పని చూడాలి. మాన్యువల్ గేర్‌బాక్సులో నూనె పళ్ల చక్రాలను తడిపితే చాలు, కాస్త తక్కువైనా ఎక్కువైనా వెంటనే ముంచుకొచ్చేదేమీ లేదు. ఆటోమేటిక్‌లో నూనే యంత్రం. ఇంజను బలాన్ని టార్క్ కన్వర్టరులో నూనె ద్వారానే చక్రాలకు పంపుతారు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905 నాటి ఆలోచన అది. గేరు మార్చేటప్పుడు లోపలి క్లచ్చి పళ్లేలను బిగించేది నూనె ఒత్తిడి, ఆ పళ్లేలను చల్లబరిచేదీ నూనే. ఈ ఒత్తిడి పుట్టించే పంపు ఇంజనుతో పాటు తిరుగుతుంది. ఇంజను నడుస్తుంటే నూనెలో చాలా భాగం కన్వర్టరులో, గొట్టాల్లో, కూలరులో ఉంటుంది, మిగిలిందే కింద చాంబరులో. ఇంజను ఆపగానే పైనున్న నూనె మెల్లగా కిందికి దిగుతుంది, చాంబరులో మట్టం పెరుగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ పెడితే నిండుగా కనిపిస్తుంది, బోల్టు విప్పితే ధారగా కారుతుంది. మాన్యువల్ గేర్‌బాక్సుకు అలవాటు పడ్డ చెయ్యి దాన్ని ఎక్కువైందనుకుని కారనిచ్చి, ఆగాక బిగిస్తుంది. మళ్లీ స్టార్టు చేయగానే పంపు తన వాటా పైకి లాక్కుంటుంది, చాంబరులో మిగలాల్సింది మిగలదు.

తక్కువైతే ఏమవుతుందో అందరూ ఊహిస్తారు. పంపు నూనెతో పాటు గాలి పీలుస్తుంది, ఒత్తిడి నిలవదు, డ్రైవులో పెట్టాక బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ వేగం రాదు, క్లచ్చిలు జారి కాలతాయి. ఎక్కువైతే ఏమవుతుందన్నది అంతగా తట్టదు. తిరిగే భాగాలు నూనెలో మునిగి దాన్ని చిలుకుతాయి, నురగ లేస్తుంది, నురగలో ఉన్నది గాలే కనుక పంపుకు మళ్లీ అదే కష్టం. పైగా ఆ నురగ ఊపిరి గొట్టంలోంచి బయటికి తన్ని, లీకేజీ ఉందేమోనన్న అనుమానం పుట్టిస్తుంది. దాంతో లేని లీకు కోసం సీళ్లు మార్చడం జరుగుతుంది. రెండు తప్పులూ ఒకే చోట తేలడం వల్లే ‘కాస్త ఎక్కువే ఉండనీ’ అన్న మన సహజ ధోరణి ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు వేడి సంగతి. ఖనిజ నూనె ఒక్కో డిగ్రీకి సుమారు పదివేలలో ఏడు వంతులు వ్యాకోచిస్తుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ పికప్ గేర్‌బాక్సులో కన్వర్టరుతో కలిపి పది లీటర్ల నూనె ఉందనుకుని లెక్క కడితే, 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కేసరికి 400 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ పెరుగుదల అంతా కనిపించేది వెడల్పాటి చాంబరు పై అంచు దగ్గరే. అందుకే పాత డిప్‌స్టిక్కుల మీద చల్లని గీత కింద, వేడి గీత పైన వేర్వేరుగా ఉంటాయి. వడ్లు అమ్మే రైతుకు ఇది కొత్త విషయమేమీ కాదు: తేమ ఎంతో చెప్పకుండా బస్తా బరువు చెప్పి లాభం లేదని, 17 శాతం దాటితే కాంటా దగ్గర మాట మారుతుందని అతనికి తెలుసు. నూనె మట్టానికి వేడి అలాంటిదే.

డిప్‌స్టిక్ కాలంలో కూడా ఈ వేడిని కొలిచే సాధనం బండి యజమాని చేతిలో లేదు. ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చి చూడమన్నది ఆనాటి థర్మామీటరు. ఆ ఇరవై కిలోమీటర్లు జనవరి ఉదయం ఖాళీ బండితోనా, మే మధ్యాహ్నం నిండు లోడుతోనా అన్నది పుస్తకం అడగదు. దానికి తోడు ఒక్కో కంపెనీది ఒక్కో ఆచారం. ఫోర్డ్, జీఎం, టయోటా బండ్లలో ఎక్కువ వాటికి ఇంజను నడుస్తూ గేరు పార్కులో ఉండాలి. పాత డాడ్జ్ రామ్ ట్రక్కులకు మాత్రం న్యూట్రల్‌లో పెట్టాలి, ఎందుకంటే వాటి పాత డిజైనులో పార్కులో ఉన్నప్పుడు కన్వర్టరుకు నూనె సరిగా అందదు. హోండాకు ఇంజను ఆపి, నిమిషం నిమిషంన్నర లోపే చూడాలి. టెక్సాస్‌లో ఒక బండి నుంచి ఇంకో బండికి మారిన మనిషి పాత అలవాటుతోనే చూస్తే తప్పు కొలత వస్తుంది, తప్పని కూడా తెలియదు. కాబట్టి డిప్‌స్టిక్ రోజుల్లో అంతా సులువుగా ఉండేదన్న మాట నేను నమ్మను. చేతికి అందేది, అంతవరకు నిజం. అందిన కొలత సరైనదన్న హామీ ఎన్నడూ లేదు.

తర్వాత వచ్చినవి రెండు తోవలు. ఫోర్డ్ ఎఫ్-150లో ఆరు గేర్ల గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ ఉంది గానీ బానెట్ కింద కాదు. గేర్‌బాక్సు పక్కన 19 నంబరు పానాతో విప్పే బోల్టుకు లోపలివైపు పొట్టి పుల్లలా అతికి ఉంటుంది. బండిని పైకి లేపి, ఇంజను నడుస్తుండగా, మసిలే నూనెకూ సైలెన్సరు గొట్టానికీ చెయ్యి తగలకుండా చూడాలి. రెండో తోవ చాంబరు అడుగున బోల్టు. ఆ బోల్టు వెనక నిలువుగా ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని పై అంచే సరైన మట్టం. ఇంజను నడిపి, బ్రేకు తొక్కి గేరును పార్కు నుంచి చివరిదాకా ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి, మళ్లీ పార్కులోకి తెచ్చి, నూనె వేడి నిర్ణీత హద్దులోకి రాగానే బోల్టు విప్పాలి. ధారగా వస్తే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ. పై రంధ్రంలోంచి పోస్తూ, ధార పల్చబడి చుక్కలుగా మారిన క్షణంలో బోల్టు బిగించాలి. ఆ హద్దు చాలా ఇరుకు. జీఎం ఆరు గేర్ల దానికి సుమారు 30 నుంచి 50 డిగ్రీలు, 2005 తర్వాతి టయోటా టకోమాలో ఐదు గేర్ల దానికి సుమారు 46 నుంచి 56, మరికొన్ని టయోటా గేర్‌బాక్సులకు 35 నుంచి 45. ఆ టకోమాలో స్కానరు లేకపోయినా, డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో రెండు పిన్నులను చిన్న తీగతో కలిపితే మీటరులో ‘డి’ దీపం వేడిని చెబుతుంది: హద్దులో ఉంటే నిలకడగా వెలుగుతుంది, దాటితే మినుకుమంటుంది. అలా చెప్పాలన్న ఆలోచన ఆ ఇంజనీర్లకు వచ్చింది, దాన్ని మామూలు మనిషికి కనిపించేలా పెట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఈ హద్దులు రాసినవాళ్లు సూర్యాపేట మే నెలను లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు వస్తుంటాయి. అలాంటి మధ్యాహ్నం రేకుల షెడ్డు ముందు నిలిపిన బండిలో, స్టార్టు చేయకముందే, గేర్‌బాక్సు నూనె 35–45 హద్దును దాటేసి ఉంటుంది. పుస్తకం చెప్పినట్టు గేర్లన్నీ తిప్పేసరికి ఇంకా పైకి పోతుంది. అప్పుడు బోల్టు విప్పితే వ్యాకోచించిన నూనె ఎక్కువగా కారిపోతుంది. ఇక దూరం నుంచి వచ్చిన బండిని దిగీ దిగగానే 85 డిగ్రీల దగ్గర విప్పితే, 40 దగ్గర విప్పాల్సినదానికంటే 300 మిల్లీలీటర్లు అదనంగా పోయినట్టే. ఒక్కసారికి అది గేర్‌బాక్సును చంపదు. కానీ సీలు దగ్గర చెమ్మ ఉన్న బండికి, రెండు మూడు చోట్ల అలాగే ‘చెక్’ చేయించుకున్న బండికి, ఆ లోటు కూడుతుంది. వేసవిలో ఈ పని తెల్లవారుజామున, బండి రాత్రంతా చల్లారాకే చేయాలి. ఇది సౌకర్యం కోసం చెప్పే సలహా కాదు, కొలతకు వేరే దారి లేక చెప్పేది.

ఇంత బాధ దేనికి, ఇది సీలు చేసిన గేర్‌బాక్సు, జీవితాంతం నూనె చూడనక్కర్లేదని కంపెనీయే అంటోంది కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం విలువైనది. ఇంజను నూనెలా ఇది కాలిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారిందనే. సీలు దగ్గరో, చాంబరు ప్యాకింగు దగ్గరో, కూలరు గొట్టాల బిగింపు దగ్గరో ఎర్రటి జిడ్డు కనిపించాలి. రేడియేటరు లోపలే కూలరు ఉన్న బండ్లలో అది పగిలి నూనె నీళ్లలో కలిస్తే రేడియేటరులో గులాబీ రంగు చిక్కటి నురగ తేలుతుంది. అందువల్ల వారంవారం మట్టం చూడాల్సిన పని లేదు, బండి నిలిపిన చోట నేల మీద మరక చూడడమే చాలా రోజులకు సరిపడే తనిఖీ. మిగతా సగమే నాకు మింగుడుపడనిది. ‘జీవితాంతం’ అన్నది ఎవరి జీవితం? ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ తయారుచేసే జర్మనీ కంపెనీ జడ్.ఎఫ్., తన గేర్‌బాక్సు వాడే కార్ల కంపెనీలు జీవితాంతమని చెబుతున్నా, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చమని తానే సూచిస్తోంది. 2013 నుంచి రామ్ 1500 పికప్పుల్లో కనిపిస్తున్న ఎనిమిది గేర్ల గేర్‌బాక్సు ఆ డిజైనుదే. వస్తువు చేసినవాడే మార్చమంటుంటే అమ్మినవాడి మాట పట్టుకుని కూర్చోవడం ఎందుకు? మార్చాలంటే మళ్లీ పోయాలి, పోయాలంటే మట్టం చూడాలి. తప్పించుకున్నామనుకున్న ప్రశ్న అక్కడ తిరిగి వస్తుంది.

రెండో అభ్యంతరం బలమైనది: యజమానుల చేతికీ రోడ్డు పక్క మెకానిక్కుల చేతికీ ఇది అందితే మేలు కంటే కీడే ఎక్కువ అని. డిప్‌స్టిక్ తుడిచిన గుడ్డ నూలు పోగు వాల్వుబాడీలోకి చేరితే చాలు, సన్నని దారుల్లో అది ఇరుక్కుంటుంది. దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం తప్పుడు నూనె. హైదరాబాద్–విజయవాడ రోడ్డు పొడవునా లారీ సామాన్ల దుకాణాల్లో ఎర్ర నూనె డబ్బాలుంటాయి, మనవాళ్లకు అది స్టీరింగు నూనె. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అని రాసి ఉండడమూ నిజమే, ఎందుకంటే లారీల పవర్ స్టీరింగుకు వాడేది పాత రకం ఏటీఎఫే. ఆ మూడక్షరాలు చూసి కొత్త టయోటా గేర్‌బాక్సులో పోస్తే అది పూర్తిగా వేరే నూనె. ఇందులో కలిపే రసాయనాలు క్లచ్చి ఎంత పట్టుతో, ఎంత మెత్తగా బిగుసుకోవాలో నిర్ణయిస్తాయి. ఆ పట్టు కోసం 1970ల మొదటి దాకా అమెరికాలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. దాని మీద నిషేధం వచ్చాక ప్రత్యామ్నాయాల కోసం కంపెనీలు తంటాలు పడ్డాయి. ఏదో ఒక ఎర్ర నూనె చాలదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కాబట్టి ఈ అభ్యంతరంలోని భయం నిజమైనదే. కానీ దానికి విరుగుడుగా తాళం వేయడం నాకు సరిగా తోచదు. తాళం వేసినా షెడ్డులో బోల్టు విప్పుతూనే ఉంటారు, తెలియకుండా విప్పుతారు, అంతే తేడా. డబ్బా మీద ఉండాల్సిన ఖచ్చితమైన రకం పేరు, వేడి హద్దు, ఇంజను నడవాలా ఆగాలా అన్న మాట, ఈ మూడూ బోల్టు పక్కనే రేకు మీద చెక్కి ఉంటే జరిగే కీడులో చాలా భాగం జరగదు. ఓనర్ మాన్యువల్‌లో అరపేజీ స్థలం కూడా దీనికి ఇవ్వని కంపెనీలు మెకానిక్కు అజ్ఞానాన్ని తప్పుపట్టడం అంత న్యాయంగా లేదు.

వేడితో నూనె ఎంత త్వరగా చెడుతుందన్నదానికి వర్క్‌షాపు గోడల మీద కనిపించే ఒక పాత పట్టిక ఉంది: 80 డిగ్రీల దగ్గర లక్షా అరవై వేల కిలోమీటర్లు వస్తే, పైన ప్రతి 11 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని. కృత్రిమ నూనెలు రాకముందటి లెక్క అది, ఇప్పటి నూనెలకు అక్షరాలా వర్తించదు, దిశ మాత్రం నిజమే. దీన్ని పట్టుకుని మన ఎండకు ఆటోమేటిక్ నిలవదు అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. నాలుగు లేన్ల హైవే మీద నిలకడగా పోతుంటే కన్వర్టరు లాక్ అయిపోతుంది, నూనె ద్వారా బలం పంపే పని ఉండదు, వేడీ పెద్దగా పుట్టదు. ఎండ 45 ఉన్నా కూలరు మోస్తుంది. నూనెను కాల్చేది సాగర్ ఎడమ కాలువ కింద కోతల రోజుల్లో బురద డొంకల్లో లోడుతో మెల్లగా లాగడం, మిర్యాలగూడ మిల్లుల ముందు బారులో గంటలకొద్దీ కదిలీ కదలక పాకడం. అప్పుడు కన్వర్టరు జారుతూనే ఉంటుంది, గాలి తగలదు. అలాంటి సీజను గడిచిన బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్లు సగం కాకముందే నూనె మార్చడం దుబారా కాదు. రంగు చూసి తేల్చేయడం మాత్రం వద్దు. కొన్ని నూనెలు మొదటి నుంచీ ఎర్రగా ఉండవు, కొన్ని మామూలు వాడకంలోనే నల్లబడతాయి. మాడు వాసన, వేళ్ల మధ్య రుద్దితే తగిలే నలుసు మరింత నమ్మదగ్గ గుర్తులు.

ఇప్పటికిప్పుడు షెడ్డులో చేయగలిగేది లేకపోలేదు. కింద సాకెట్‌కు పెట్టి ఫోన్‌కు కలిపే చవక ఓబీడీ రీడర్లు కొన్ని బండ్లలో గేర్‌బాక్సు నూనె వేడిని చదవగలవు. అన్నిటిలో కాదు, కొనేముందు ఆ మోడలుకు పనిచేస్తుందా అని చూసుకోవాలి. నూనె మార్చేటప్పుడు దించింది చల్లారాక గీతలున్న పాత్రలో కొలిచి, అంతే కొలతతో కొత్తది పోయడం మరో పాత ఉపాయం. ముందున్నదే తక్కువైతే ఆ లోటు అలాగే కొనసాగుతుంది గనక లీకేజీ లేని బండికి మాత్రమే అది సరిపోతుంది, ఆ తర్వాత అడుగు బోల్టు పద్ధతిలో సరిచూడడం తప్పదు. బండి చదునుగా ఉండాలన్నది ఎవరూ మర్చిపోరనుకుంటాం గానీ, ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపి చూసేవాళ్లున్నారు. ఆ వాలుకే చాంబరులో మట్టం ఒక పక్కకు పోతుంది.

ఇదంతా ఇంత కష్టంగా ఉండాల్సిన పని లేదు. నూనె వేడిని కనిపెట్టే సెన్సరు ఇప్పటి ఆటోమేటిక్ గేర్‌బాక్సులన్నిటి లోపలా ఉంది. అది లేకపోతే కంప్యూటరు గేరు మార్చే ఒత్తిడిని లెక్క కట్టలేదు. అమెరికాలో అమ్మే ఫోర్డ్, రామ్, షెవర్లే పికప్పుల్లో చాలావాటికి ఆ అంకె మీటరు మీదే కనిపిస్తుంది, ట్రెయిలరు లాగేవాళ్లు దాన్ని చూసుకుంటూ నడుపుతారు. మన దగ్గర పికప్ అమ్మేటప్పుడు పాటలు వినే తెర ఎన్ని అంగుళాలో చెబుతారు. ఆ తెర మీదే గేర్‌బాక్సు నూనె వేడి చూపడానికి కొత్తగా తీగ కూడా లాగనక్కర్లేదు, సాఫ్ట్‌వేరులో ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.